ఇరవై మూడో ఫారం

మిరప పొలాల మధ్య ఉన్న ఒక ఊళ్లో నేను మూడేళ్లు మాస్టరుగా పనిచేశాను. పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలు అవి. ఒంగోలు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. మా ఊరి నుంచి అద్దంకి వెళ్లాలంటే బండి మీద ఒక పూట పట్టేది. బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. ముగ్గురం మాస్టర్లం. హెడ్మాస్టరు గారు ఆ ఊరి మనిషే. రెండో ఆయన రిటైరు కాబోతున్న పెద్దాయన. మూడోవాణ్ణి నేను. లెక్కలూ, చేతిరాతా నావి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు.

ఎనిమిదో తరగతికి బారువడ్డీ లెక్కలు చెబుతున్న రోజు. పుస్తకంలో ఒకాయన బ్యాంకులో అయిదువందలు డిపాజిట్ చేశాడని ఉంది. పిల్లలు వడ్డీ కట్టేశారు. డిపాజిట్ అంటే ఏమిటని అడిగితే ఒకడు "తాకట్టండి" అన్నాడు. బ్యాంకు అంటే ఏమిటని అడిగితే ఇంకొకడు లేచి, అది డబ్బు మింగేదని తన తాత చెప్పాడన్నాడు. ఎవరూ నవ్వలేదు. యుద్ధానికి ముందెప్పుడో దివాలా తీసిన ఒక బ్యాంకులో ఆ తాత పొగాకు అమ్మిన డబ్బంతా పోగొట్టుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. ఆ ఊళ్లో బ్యాంకు మాట ఎత్తితే జనం ముందు ఆయన వైపు చూసేవాళ్లు.

కాని అప్పటికి ఎనిమిది మైళ్ల అవతల టౌనులో ఒక బ్యాంకు కొత్తగా తెరిచారు. మిరపకాయలు గుంటూరు కొట్లకు తోలి, డబ్బు మొలలో కట్టుకుని వచ్చే రైతుల్లో పదిమందిదాకా అందులో ఖాతాలు తెరిచారు. ఆ మాటలు పిల్లలకు తెలియాలనిపించింది. శనివారం ఆఖరి పీరియడ్ అందుకు పెట్టుకున్నాను. ఖాతా, ఖాతాదారు, జమ, విత్‌డ్రాయల్, నిల్వ, పాసుబుక్కు, మాదిరి సంతకం. వారానికి రెండు మాటలు బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, కాపీ చేయించేవాణ్ణి.

తరగతిలో ఇరవై ముగ్గురు పిల్లలు. అందులో నలుగురు ఆడపిల్లలు. ఆ నలుగురిలో ఒకమ్మాయి ఆరెకరాల ఆసామి కూతురు. నెమ్మదస్తురాలు. ప్రశ్న అడిగితే మాత్రం సూటిగా అడిగేది. ఖాతాదారు అనే మాట చెప్పిన రోజు లేచి, ఒక ఖాతాకు ఒక్కరే ఖాతాదారు ఉంటారా అని అడిగింది. ఇద్దరు కూడా ఉండొచ్చు, దాన్ని జాయింటు ఖాతా అంటారని చెప్పాను. పేరు లేనివాళ్లు ఆ డబ్బు తీసుకోవచ్చా అని అడిగింది. పుస్తకంలో ఎవరి పేరుంటే సొమ్ము వాళ్లదే, బ్యాంకుకు ఇంకెవరితోనూ పని లేదన్నాను. అది రాసుకుని కూర్చుంది.

ఆ రోజే నేను ఒక పొరపాటు చేశాను. మీ ఇంట్లో బ్యాంకు ఖాతా ఉందేమో, ఉంటే ఎవరి పేరు మీద ఉందో కనుక్కుని రమ్మన్నాను. సోమవారం బడి తలుపు తీసేసరికి ఇద్దరు రైతులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అడిగాడు.

"మా ఇంట్లో ఏముందో నీకెందుకయ్యా మాస్టారూ? నిన్నెవరు కనుక్కోమన్నారు?"

ఎవరూ అనలేదని, ఎంత ఉందో నేను అడగలేదని, ఎవరి పేరు మీద ఉందో మాత్రమే అడిగానని చెప్పాను.

"ఇవాళ పేరడుగుతావు. రేపు అంకె అడుగుతావు" అన్నాడాయన.

పన్నుల ఆఫీసు వాళ్లు మాస్టర్ల చేత ఆరా తీయిస్తున్నారని ఊళ్లో అప్పటికే మాట పుట్టింది. హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, లెక్కల పుస్తకంలో ఉన్నంత వరకు చెప్పు నాయనా, ఇళ్లల్లోకి వెళ్లొద్దు అన్నారు. ఆ ఇంటిపని రద్దు చేశాను. కాని కొందరు పిల్లలు అప్పటికే ఇంట్లో అడిగేశారు.

పాఠాలు మాత్రం మానలేదు. టౌనుకు వెళ్లినప్పుడు బ్యాంకు గుమాస్తాను బతిమాలి విత్‌డ్రాయల్ ఫారాలు ఒక పాతిక తెచ్చాను. పిల్లలకు తలా ఒకటి ఇచ్చి, ఇంగ్లీషులో ఉన్న గడులకు తెలుగులో అర్థం చెప్పి, ఒక తప్పుడు పేరుతో, ఒక తప్పుడు అంకెతో నింపించాను. మాదిరి సంతకం అంటే ఏమిటో తెలియడానికి ఒక్కొక్కరి చేత పదిసార్లు సంతకం పెట్టించి, పదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోమన్నాను. మనిషి వెళ్లలేకపోతే ఉత్తరం ఇచ్చి ఇంకొకరిని పంపే వీలుండేది. ఆ ఉత్తరం ఎలా రాయాలో కూడా బోర్డు మీద రాశాను. "నాకు ఒంట్లో నలతగా ఉన్నందున స్వయముగా రాలేకపోతిని. ఈ ఉత్తరము తెచ్చిన మనిషికి సొమ్ము ఇప్పించగలందులకు ప్రార్థన." పిల్లలు దాన్ని నాలుగుసార్లు దిద్దారు. ఆ రోజు గంట కొట్టాక ఫారాలు తిరిగి తీసుకుని కట్ట కట్టి నా ట్రంకు పెట్టెలో పడేశాను. లెక్క పెట్టలేదు.

వాటి మీద నమూనా అని రాసి ఉంచినా సరిపోయేది. అదీ చేయలేదు.

ఆ నెలలోనే నాకు జీతం బకాయిలు వచ్చాయి. సమితి ఆఫీసులో కాగితాలు ఎక్కడో ఆగి ఆరు నెలలుగా సగం జీతమే ఇస్తున్నారు. ఒక్కసారిగా అన్నీ చేతికొచ్చాయి. గుంటూరు వెళ్లి కొత్త సైకిలు కొన్నాను. నల్లపాడు దాకా రైలెక్కించకుండా తొక్కుకుంటూ వచ్చానని, ఆ తర్వాత లారీ మీద వేశానని గొప్పగా అందరికీ చెప్పుకున్నాను.

సైకిలు కొన్న మూడో వారం ఆ అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు.

ఆయన నలభై దాటిన మనిషి. మాట తక్కువ, అనుమానం ఎక్కువ అని ఊళ్లో పేరు. కల్లంలో మిరపకాయలు ఆరబోస్తే రాశి చుట్టూ బూడిదతో గీత గీసి వెళ్లేవాడు, ఎవరైనా తొక్కితే తెలుస్తుందని. ముందురోజు మిర్చి డబ్బు జమ కట్టడానికి బ్యాంకుకు వెళ్లాడట. గుమాస్తా పాసుబుక్కులో రాసిచ్చాక నిల్వ ఎంతని అడిగితే మూడువందల యాభై రూపాయలు తక్కువ చెప్పాడు. మీరే ఉత్తరం ఇచ్చి మనిషిని పంపారు కదా అన్నాడు. అదంతా తగ్గు స్వరంతో చెప్పి, నన్ను బ్యాంకుకు రమ్మన్నాడు.

"నేనెందుకండీ?" అన్నాను.

"ఉత్తరం చూపించారు నాకు. మా పిల్ల పుస్తకంలో నువ్వు రాసిచ్చేది చూశా, నీ దస్తూరీ అది."

హెడ్మాస్టరు గారు కూడా బయల్దేరారు. బ్యాంకు మేనేజరును అప్పట్లో ఏజెంటు అనేవాళ్లు. ఆయన సొరుగులోంచి ఉత్తరమూ, ఫారమూ తీసి బల్ల మీద పెట్టారు గాని మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. నేను వంగి చూశాను. నేను రాసినట్టే ఉంది. ఒంట్లో నలతగా ఉన్నందున, స్వయముగా రాలేకపోతిని, అన్నీ నా మాటలే. అక్షరాలు కూడా నావే. కొద్దిగా కుడికి వాలి, తలకట్లు గుండ్రంగా.

అప్పుడు తట్టింది నాకు. రెండేళ్లుగా పిల్లలందరి చేతా నా రాతనే దిద్దిస్తున్నాను. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు ఈ బడి పిల్లలందరిదీ ఒకే దస్తూరీ అని మెచ్చుకుని వెళ్లారు కూడా. ఆ మాట ఏజెంటు గారితో అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, అలాగైతే మీరు కాకపోతే మీ పిల్లల్లో ఒకరు అన్నమాట అన్నారు. సొమ్ము తీసుకున్న మనిషి ఎలా ఉన్నాడని అడిగితే గుమాస్తా, తలకు తువ్వాలు చుట్టుకుని ముప్పై, ముప్పై అయిదేళ్ల మనిషని చెప్పాడు. ఫారం వెనక వేలిముద్ర వేశాడు. పాసుబుక్కు కూడా తెచ్చి, రాయించుకుని పట్టుకెళ్లాడు.

పాసుబుక్కు ఎక్కడ ఉంటుందని ఏజెంటు గారు రైతును అడిగారు. ఇంట్లో, బీరువా తాళం నా మొలతాడుకే ఉంటుంది అన్నాడాయన. స్నానానికి వెళ్లేటప్పుడు తీసి గూట్లో పెడతానన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా నా సైకిలు నేను నడిపించుకుంటూ వచ్చాను. వాళ్లిద్దరూ ముందు నడిచారు. మధ్యలో రైతు వెనక్కి తిరిగి సైకిలు ఎంతయిందని అడిగాడు. చెప్పాను. బకాయిల సంగతి కూడా చెప్పాను. అడగని మాట చెబుతున్నానని నాకే తెలిసింది.

ఇక ఆ వారం ఊళ్లో నా బతుకు అదోలా అయింది. నాకు పాలు పోసే ఆమె గేదె ఒట్టిపోయిందని చెప్పి పంపింది. గేదె ఒట్టిపోలేదని వీధిలో అందరికీ తెలుసు. ఇరవై ముగ్గురిలో తొమ్మిది మంది బడి మానేశారు. మాస్టరు పిల్లలకు దొంగసంతకాలు నేర్పుతున్నాడని అన్నారు. పిల్లలు అరుగు మీద సంతకాలు ప్రాక్టీసు చేయడం మా కళ్లతో చూశామని అన్నారు. అది నిజమే గనక నేను కాదనడానికి వీల్లేకపోయింది. బకాయిలు వచ్చిన కాగితం హెడ్మాస్టరు గారికి చూపించాను. ఆయన చూసి, మడిచి ఇచ్చి, నాకు చూపించి ఏం లాభం, నేను నమ్ముతున్నాను అన్నారు. నమ్ముతున్నాను అనే మాటను ఆయన కొంచెం ఎక్కువ గట్టిగా అన్నారనిపించింది.

ట్రంకు తీసి ఫారాలు లెక్కపెట్టాను. పిల్లలు నింపినవి ఇరవై రెండు. ఇవ్వగా మిగిలినవి రెండు. ఒకటి తక్కువ. మూడుసార్లు లెక్కపెట్టాను. ఆ తర్వాత అసలు నేను తెచ్చినవి పాతికేనా, ఇరవై నాలుగా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

బడికి వస్తున్న పద్నాలుగు మందినీ నేను చూసే చూపు మారింది. ఎవడైనా కొత్త చొక్కా తొడిగితే కంటికి తగిలేది. తలుపు దగ్గర ఇద్దరు గుసగుసలాడితే ఆగి వినేవాణ్ణి. నిన్నటిదాకా మెచ్చుకున్న చేతిరాతలు ఇప్పుడు ఒక్కొక్కటీ దొంగ రాతల్లాగే కనబడ్డాయి. రాత పుస్తకాలన్నీ తెప్పించుకుని గదిలో పరుచుకుని కూర్చున్నాను. ఫారంలో అంకెను అక్షరాల్లో రాయాల్సిన గడిలో "మూడువందల యాభై రూపాయిలు" అని ఉంది. నేను రూపాయలు అని రాస్తాను. బ్యాంకు బల్ల మీద చూసినప్పుడే ఆ "యి" నా కంట్లో పడింది. ఎవరితోనూ అనలేదు.

రూపాయిలు అని రాసేవాళ్లు తరగతిలో ఇద్దరున్నారు. ఒకరు ఆ రైతు కూతురు. రెండోవాడు ఆ రైతు దగ్గరే పనిచేసే పాలేరు కొడుకు. తరగతిలో అందరికన్నా మంచి దస్తూరీ వాడిది. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాను. పాలేరు కొడుకు సున్నాను పూర్తిగా మూసేవాడు. ఆ అమ్మాయి సున్నా పైన చిన్న సందు వదిలేది. ఫారంలో 350 చివర సున్నా పైన సందు ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కల్లానికి వెళ్లాను. రైతు టౌనుకు వెళ్లాడని తెలుసుకునే వెళ్లాను. ఆయన భార్య ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరి వేరే గంపలో వేస్తోంది. ఇంకో ఇద్దరు కూలీ ఆడవాళ్లు ఉంటే, వాళ్లను నీళ్లు తాగి రమ్మని పంపేసింది. నేను ఎందుకు వచ్చానో అడగలేదు. మీ అమ్మాయి పుస్తకం ఒకసారి చూశానమ్మా అన్నాను.

ఆమె చేతిలోని కాయ తిప్పి చూసి గంపలో వేసింది.

"అది నేను చెబితే రాసింది. ఫారం బళ్లో నింపకుండా దాచి తెచ్చింది. మా తమ్ముడు వెళ్లి సొమ్ము తెచ్చాడు."

ఆమె అంత తేలిగ్గా చెప్పేస్తుందని అనుకోలేదు. ఎందుకు అని మాత్రం అడిగాను. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం ఉందని, అందులో పండిన మిర్చి డబ్బు రెండేళ్లుగా బ్యాంకులో వేస్తున్నానని భర్త చెబుతూ వచ్చాడని చెప్పింది. ఇద్దరి పేరునా వేస్తున్నాననేవాడట. ఆమె అదే నమ్మింది. మొన్న కూతురు బడి నుంచి వచ్చి, పుస్తకంలో ఎవరి పేరుంటే డబ్బు వాళ్లదేనట అంది. గూట్లో తాళం ఉన్నప్పుడు బీరువా తీసి పాసుబుక్కు చదివించుకుంది. ఒక్క పేరే ఉంది.

"నా అరెకరం కాయల లెక్క నాకు తెలుసు. అంతే తీసుకున్నా. ఒక్క రూపాయి ఎక్కువ ముట్టుకోలా. ఇది దొంగతనమా మాస్టారూ?"

డబ్బు ఏం చేశారని అడిగితే, తమ్ముడి ఊళ్లో పోస్టాఫీసులో తన పేరున వేసుకున్నానంది. అక్కడ వేలిముద్ర వేశానని బొటనవేలు చూపించింది. కారం ఘాటుకు ఆ వేలి తోలు పగిలి ఉంది. మీ ఆయనకు చెప్పేయండమ్మా, ఊరంతా నన్ను అనుమానిస్తోంది అన్నాను. శుక్రవారం మా తమ్ముడు వస్తాడు, వాడు పక్కన ఉండగా చెబుతా, ఇప్పుడు చెబితే ముందు పిల్ల బడి ఆగిపోద్ది, అంతదాకా ఓపిక పట్టండి అంది. సరేనన్నాను. సైకిలు ఎక్కి వస్తుంటే, ఈమె నాతో కూడా అబద్ధం ఆడుతోందేమో, శుక్రవారానికి ఇంకేదైనా చెబుతుందేమో అనిపించింది. ఆ బుద్ధి నాకు ఆ నెలలోనే పట్టుకుంది.

శుక్రవారం దాకా ఆగనివ్వలేదు పరిస్థితి. బుధవారం ఉదయం రైతు తన పాలేరును బ్యాంకుకు తీసుకెళ్లాడు. వేలిముద్ర వేసేవాడు, ముప్పై ఏళ్లవాడు, తలకు తువ్వాలు కడతాడు, కొడుకు బాగా రాస్తాడు. లెక్క సరిపోయిందనుకున్నాడు. గుమాస్తా పాలేరును నిలబెట్టి, అటు తిరగమని ఇటు తిరగమని చూసి, ఇతనే కావచ్చు, కాకపోవచ్చు అన్నాడట. వేలిముద్ర పరీక్షకు పంపాలంటే పోలీసు కేసు పెట్టాలన్నారు ఏజెంటు గారు. రైతు ఆలోచించుకుని చెబుతానని తిరిగి వచ్చాడు. పాలేరును పనిలోకి రావద్దన్నాడు. అతను ఆ సాయంత్రమంతా రచ్చబండ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకు నేను కాదయ్యా, నేను కాదయ్యా అని చెప్పుకున్నాడు. ఎవరూ ఔననలేదు, కాదనలేదు.

నాకు తెలుసు. రచ్చబండ పక్కనుంచే నేను నా గదికి వెళ్లాలి. ఆ రోజు చుట్టూ తిరిగి పొలం గట్టు మీదుగా వెళ్లాను. ఇంకొక్క రోజు, మధ్యలో గురువారం ఒక్కటే అని చెప్పుకున్నాను. అన్నం వండుకున్నాను గాని తినబుద్ధి కాలేదు. పాలేరు కొడుకు రాత పుస్తకం ఇంకా నా మంచం మీదే ఉంది.

గురువారం రెండో పీరియడ్‌లో రైతు, హెడ్మాస్టరు గారు కలిసి మా తరగతిలోకి వచ్చారు. పాలేరు కొడుకు రాత పుస్తకం కావాలని హెడ్మాస్టరు గారు అడిగారు. బ్యాంకుకు పంపుతారట. నేను బల్ల సొరుగు తీశాను. పుస్తకం గదిలో ఉందని తెలిసే తీశాను. సొరుగులో చెయ్యి పెట్టి వెతుకుతున్నట్టు నిలబడ్డాను. వాడు రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. మొహం కిందికి దించి బెంచీ గీతలు గోటితో గీకుతున్నాడు. నేను నోరు తెరిస్తే అయిపోయేది.

ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"వాడు రాయలేదండి. నేను రాశాను."

ఆమె తండ్రి వైపు చూడలేదు. నా వైపే చూసి చెప్పింది. రైతు ఒకడుగు ముందుకు వేశాడు. హెడ్మాస్టరు గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"సంతకం ఎవరు పెట్టారు?" అన్నాడు రైతు.

"నేనే నాన్నా."

"అచ్చం నాలాగే పెట్టావే."

"నీకు నేర్పింది నేనే గదా. బ్యాంకుకు వెళ్లేముందు పలక మీద నేను రాసిస్తే నువ్వు దిద్దుకున్నావు."

ఆయన మొహంలో కోపం ఉంటుందని చూశాను. ఆయన ఏదో లెక్క తప్పినవాడిలా కళ్లు చిట్లించి కూతురి చేతి వైపు చూస్తున్నాడు. ఎవరు రాయమన్నారని అడిగాడు. అమ్మ అని చెప్పింది. ఆయన హెడ్మాస్టరు గారి చెయ్యి విడిపించుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ పిల్ల కూర్చోలేదు. పీరియడ్ అయ్యేదాకా నిలబడే ఉంది. నేను కూడా కూర్చోమని చెప్పే ధైర్యం చేయలేదు.

వాళ్ల ఇంట్లో పెద్ద గొడవ అవుతుందని ఊరు ఎదురుచూసింది. గొడవ ఏమీ వినబడలేదు. శుక్రవారం తమ్ముడు వచ్చాడు, శనివారం వెళ్లాడు. ఆ రైతు భార్యతో మాట్లాడటం మానేశాడని కూలీ ఆడవాళ్లు చెప్పారు. చెప్పాల్సినవి ఏవైనా ఉంటే గోడకు చెప్పినట్టు చెబుతాడట. పాలేరును పనిలోకి పిలిచాడు. క్షమించమని అనలేదు గాని, ఆ వారం రెండు కుంచాల జొన్నలు ఎక్కువ కొలిచాడట. పాలేరు వచ్చాడు. అతని కొడుకు మాత్రం నన్ను చూసినప్పుడల్లా తల దించుకుని పోయేవాడు. నేను పుస్తకం ఎందుకు దాచానో వాడికి తెలియదు. వాడి మీద అనుమానంతోనే దాచుకున్నానని వాడు అనుకుని ఉండాలి. వాడికి చెప్పాలని రెండుసార్లు పిలిచాను. ఏం చెప్పాలో తెలియక లెక్క ఇచ్చి పంపించేశాను.

ఊరు నన్ను వదల్లేదు. దొంగ నేను కానని తేలింది గాని, భార్యాభర్తల మధ్య మనిషినయ్యాను. ఆడవాళ్లను పురికొల్పడానికే ఆ పాఠాలు పెట్టాడని కొందరు, కల్లానికి పట్టపగలు వెళ్లింది చూశామని కొందరు. పాలు మళ్లీ వచ్చాయి, పల్చగా. బ్యాంకు మాటలు ఇక చెప్పవద్దని హెడ్మాస్టరు గారు నోటితోనే అన్నారు. నేనూ సరేనన్నాను. ఎండాకాలం సెలవుల తర్వాత నాకు పిడుగురాళ్ల వైపు బదిలీ అవుతుందని సమితి ఆఫీసులో విన్నాను.

ఆ అమ్మాయి నెల రోజులు బడికి రాలేదు. ఎనిమిదో తరగతికి అప్పట్లో ఉండే పబ్లిక్ పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గర పడింది. నేనే వాళ్ల ఇంటికి వెళ్లాలని అనుకుంటూ, వెళితే ఏమవుతుందోనని వెనకాడుతూ ఉండగా, ఒక ఆదివారం ఉదయం ఆ రైతే నా గదికి వచ్చాడు. తలుపు దగ్గర అటూ ఇటూ చూసి లోపలికి వచ్చి తలుపు చేరవేశాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. చాప మీద కూర్చున్నాడు. చొక్కా లోపలి నుంచి పలక తీశాడు.

"బ్యాంకులో సంతకం మార్చుకోవచ్చంట గదా?"

మార్చుకోవచ్చు, కొత్త సంతకం రాసిచ్చి దరఖాస్తు పెట్టాలని చెప్పాను.

"నాకో కొత్త సంతకం నేర్పు. పాతది మా ఇంట్లో తెలుసు."

నేను పలక తీసుకుని ఆయన పేరును వేరే రకంగా, ఇంటిపేరు ముందు పెట్టి, కింద ఒక గీతతో రాసిచ్చాను. ఆయన బలపం పట్టుకుని దిద్దడం మొదలుపెట్టాడు. పొలంలో గొర్రు పట్టే చెయ్యి. బలపం రెండుసార్లు విరిగింది. వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క అక్షరానికీ ఆగి దిద్దాడు. నాలుగోసారి బాగానే వచ్చింది. బాగుందన్నాను. ఆయన పలకను దూరంగా పట్టుకుని చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా తల ఎత్తి నన్ను చూశాడు.

"ఇది నీకు తెలుసు గదా మరి."

ఆయన అరచేత్తో పలక తుడిచేశాడు. బలపం పొడి అంటిన చెయ్యి పంచెకు రాసుకుని, వేలిముద్ర అయితే ఎవరూ పెట్టలేరు గదా అని అడిగాడు. పెట్టలేరన్నాను. అయితే అదే వేస్తానన్నాడు. నలభై దాటాక నేర్చుకున్న సంతకాన్ని ఇట్టే వదిలేశాడు.

లేచి తలుపు దగ్గరికి వెళ్లినప్పుడు, అమ్మాయిని పరీక్షకు పంపుతారా అని అడిగాను. ఆయన గొళ్లెం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"పంపుతా. ఇంట్లో కూర్చుంటే అది ఏం రాస్తదో నాకు తెలవదు. బళ్లో అయితే నువ్వన్నా చూస్తావు" అన్నాడు.

మరుసటి సోమవారం ఆ అమ్మాయి వచ్చింది. ఫీజు డబ్బులు అణా బేడాలతో సహా సరిగ్గా తెచ్చింది. అవి తల్లి ఇచ్చిందా, తండ్రి ఇచ్చాడా అని నేను అడగలేదు. రసీదు రాసిస్తే, తీసుకుని వెనక్కి తిప్పి, అంకె చూసుకుని, మడిచి పుస్తకంలో పెట్టుకుంది. పరీక్ష పాసయింది. అప్పటికి నేను ఆ ఊళ్లో లేను.